వైద్య పరిశోధకుడు థామస్ అడిసన్

ఉద్దేశం

శాస్త్రజ్ఞుల జీవితాలు కేవలం విజయగాథలు కావు. నిశిత పరిశీలన, సహనం, సత్యనిష్ఠ అనే గుణాలు మానవాళికి ఎట్లా మేలు చేస్తాయో అవి తెలియజేస్తాయి. అధివృక్క గ్రంథుల వ్యాధిని లోకానికి తొలిసారిగా తెలిపిన ఆంగ్ల వైద్యుని జీవితాన్ని, ఆ గ్రంథుల హార్మోనుల ప్రాముఖ్యాన్ని, వాటి సమతౌల్యం చెడితే కలిగే రుగ్మతలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

థామస్ ఎడిసన్ పేరు ఎరుగని విద్యార్థి ఉండడు. విద్యుద్దీపాన్ని ఇంటింటికీ చేర్చిన అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడుగా ఆయన కీర్తి లోకమంతటా వ్యాపించింది. ఆ పేరును పోలిన పేరుతోనే, ఆయన కంటే అర్ధ శతాబ్దికి పైగా ముందు ఇంగ్లండులో జన్మించిన మరొక మహనీయుడు థామస్ అడిసన్. వైద్యవిద్య అభ్యసించే ప్రతి విద్యార్థీ, లండన్‌లో చదివినా మన వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో చదివినా, ఈయన పేరును తప్పక నేర్చుకుంటాడు. సామాన్య లోకానికి మాత్రం ఈయన అంతగా తెలియడు. శతాబ్దాల తరబడి ఎవరూ పట్టించుకోని రెండు చిన్న గ్రంథులే మనిషి ప్రాణాన్ని నిలుపుతున్నాయని లోకానికి మొట్టమొదట తెలియజేసినవాడు అడిసన్.

మన దేహంలో ఒక్కొక్క మూత్రపిండం మీద ఒక్కొక్క చిన్న గ్రంథి టోపీ పెట్టినట్లుగా అమరి ఉంటుంది. మూత్రపిండానికి వృక్కమని మరొక పేరు. వృక్కం మీద ఉన్నందువల్ల దీనికి అధివృక్క గ్రంథి అనే పేరు వచ్చింది. కుడివైపు గ్రంథి త్రికోణాకారంలోను, ఎడమవైపుది అర్ధచంద్రాకారంలోను ఉంటుంది. ఒక్కొక్క గ్రంథి బరువు నాలుగైదు గ్రాములకు మించదు. ఇటలీ దేశపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు బార్తొలోమియో యూస్టాచి 16వ శతాబ్దిలోనే వీటిని గుర్తించి వర్ణించాడు. అయితే అవి చేసే పని ఏమిటో ఎవరికీ బోధపడలేదు. వాటి నుండి బయటికి వెళ్లే నాళం కనిపించలేదు. నాళం లేని గ్రంథికి ప్రయోజనం ఏమి ఉంటుందని ఆనాటి పండితులు ఆశ్చర్యపడ్డారు. 1716లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో విద్వత్పరిషత్తు ఈ గ్రంథుల ప్రయోజనాన్ని వివరించిన వారికి బహుమతి ఇస్తామని ప్రకటించింది. వచ్చిన వ్యాసాలను పరిశీలించిన వాడు ప్రసిద్ధ రాజనీతి తత్త్వవేత్త మాంటెస్క్యూ. వాటిలో ఒక్కటి కూడా బహుమతికి అర్హమైనదిగా ఆయనకు తోచలేదు. ఆ ప్రశ్న అట్లే మిగిలిపోయింది. దానికి సమాధానం దొరికే దారి చూపడానికి మరి నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

థామస్ అడిసన్ 1793 ఏప్రిల్ నెలలో ఉత్తర ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణ సమీపాన గల లాంగ్‌బెంటన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ అడిసన్ కిరాణా సరుకులు, పిండి అమ్ముకొనే వర్తకుడు. తల్లి సారా. వారిది సంపన్న కుటుంబం కాకపోయినా కుమారునికి మంచి విద్య చెప్పించాలనే పట్టుదల తండ్రికి ఉండేది. గ్రామంలో ప్రాథమిక విద్య ముగించుకొని థామస్ న్యూకాజిల్ గ్రామర్ పాఠశాలలో చేరాడు. అక్కడ లాటిన్ భాషలో అపారమైన పాండిత్యం సంపాదించాడు. ఆ భాషలో ధారాళంగా మాట్లాడేవాడు. ఉపన్యాసాలు వింటూ వాటి సారాన్ని లాటిన్‌లోనే రాసుకొనేవాడు. మన దేశంలో ఆయుర్వేద గ్రంథాలకు సంస్కృతం ఎట్లాంటిదో ఐరోపా వైద్యానికి ఆనాడు లాటిన్ అట్లాంటిది. కనుక ఈ భాషాపరిచయం ఆయన భవిష్యత్తుకు చక్కని పునాది వేసింది.

కుమారుడు న్యాయవాది కావాలని తండ్రి కోరుకున్నాడు. థామస్ మనస్సు మాత్రం వైద్యవిద్య మీద లగ్నమైంది. 1812లో ఆయన స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు. మూడేళ్లలో చదువు పూర్తిచేసి 1815లో వైద్య పట్టా పొందాడు. ఆ పట్టా కోసం సిఫిలిస్ వ్యాధి గురించి, దానికి ఆనాడు మందుగా వాడే పాదరసం గురించి లాటిన్ భాషలో సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. తరువాత లండన్ నగరం చేరి, ప్రసిద్ధ చర్మవ్యాధి నిపుణుడు థామస్ బేట్‌మన్ వద్ద కొంతకాలం శిక్షణ పొందాడు. చర్మం మీద కనిపించే రంగును, మచ్చను, పొక్కును శ్రద్ధగా చూడడం, దాని లక్షణాలను నిర్దుష్టంగా వర్ణించడం ఆయన అక్కడ నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో ఆయన చేసిన మహత్తర పరిశోధనకు ఈ శిక్షణ ఎంతగానో తోడ్పడింది.

లండన్‌లోని గైస్ ఆసుపత్రి పేద రోగుల కోసం 18వ శతాబ్దిలో ఏర్పడిన ప్రసిద్ధ సంస్థ. వైద్య పట్టా అప్పటికే చేతిలో ఉన్నప్పటికీ అడిసన్ ఆ ఆసుపత్రిలో మళ్లీ విద్యార్థిగా చేరాడు. నేర్చుకోవలసినది ఇంకా ఉన్నదనే వినయమే అందుకు కారణం. 1824లో సహాయ వైద్యుడుగా నియమితుడయ్యాడు. 1827లో ఔషధ శాస్త్ర బోధకుడయ్యాడు. 1837లో పూర్తిస్థాయి వైద్యుని పదవి లభించింది. అప్పటి నుండి ఆయన జీవితమంతా ఆ ఆసుపత్రితోనే ముడిపడిపోయింది. ఆ కాలంలో గైస్ ఆసుపత్రి మహావైద్యులకు నిలయం. మూత్రపిండాల వ్యాధిని వివరించిన రిచర్డ్ బ్రైట్, రసిగ్రంథులకు సోకే ఒక వ్యాధిని వర్ణించిన థామస్ హాడ్కిన్ అక్కడ పనిచేసినవారే. బ్రైట్, హాడ్కిన్, అడిసన్ అనే మూడు పేర్లూ మూడు వ్యాధుల పేర్లుగా వైద్యశాస్త్రంలో స్థిరపడ్డాయి.

అడిసన్ గొప్ప బోధకుడు. ఆయన ఉపన్యాసాలు వినడానికి విద్యార్థులు గుంపులు గుంపులుగా వచ్చేవారు. రోగి పడక పక్కన నిలిచి ఆయన పాఠం చెప్పే తీరు వారి మనస్సుల్లో ముద్ర వేసేది. 1829లో జాన్ మోర్గన్‌తో కలిసి, విషపదార్థాలు జీవదేహం మీద పనిచేసే విధానం గురించి ఒక గ్రంథం రచించాడు. 1839లో బ్రైట్‌తో కలిసి వైద్యశాస్త్ర మూలసూత్రాల గ్రంథాన్ని వెలువరించాడు. అందులో అధికభాగం అడిసన్ రచనే అని చెబుతారు. కడుపులో కుడివైపు కిందిభాగాన ఉండే అపెండిక్స్ అనే చిన్న అవయవానికి కలిగే వాపును ఆ గ్రంథంలో స్పష్టంగా వర్ణించాడు.

ఇంత పేరు ఉన్నప్పటికీ అడిసన్ జనసమూహంలో కలిసిపోయే మనిషి కాడు. ఆయన గంభీరంగా, ముభావంగా ఉండేవాడు. చూసేవారికి అహంకారి వలె తోచేవాడు. లోపల మాత్రం ఆయనది మితిమీరిన బిడియం. ఎంతోకాలం బోధించినా సభలో లేచి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆయనకు బెరుకు తప్పేది కాదు. ఆ బిడియాన్ని కప్పిపుచ్చే ముసుగే ఆ గాంభీర్యమని సన్నిహితులు గ్రహించారు. ధనార్జనకు అవకాశం ఉన్న సొంత వైద్యవృత్తి మీద ఆయన దృష్టి నిలపలేదు. ఆసుపత్రిలోని పేద రోగులే ఆయనకు లోకం. వ్యాధి పేరు చెప్పి మందు రాసి పంపడంతో ఆయన తృప్తిపడేవాడు కాడు. కారణం తేలని రోగిని మళ్లీ మళ్లీ పరీక్షించేవాడు. రోగి మరణిస్తే శవపరీక్ష చేయించి, బతికి ఉండగా కనిపించిన లక్షణాలకూ లోపలి అవయవాలలో కనిపించిన మార్పులకూ గల సంబంధాన్ని వెదికేవాడు.

ఈ వెదుకులాటలోనే ఆయన ఒక వింత వ్యాధిని గమనించాడు. కొందరు రోగులు ఏ రక్తస్రావమూ లేకుండానే, కంటికి కనిపించే కారణమేదీ లేకుండానే, రోజురోజుకూ పాలిపోయి నీరసించి మరణించేవారు. ఈ మారక రక్తహీనతకు మూలం ఏమిటని అడిసన్ అన్వేషించాడు. అట్లా మరణించిన ముగ్గురి దేహాలను పరీక్షించగా ముగ్గురిలోనూ అధివృక్క గ్రంథులు దెబ్బతిని కనిపించాయి. 1849 మార్చిలో దక్షిణ లండన్ వైద్య సంఘం సమావేశంలో ఆయన ఈ విషయాన్ని వివరించాడు. సభ్యులు దానిని పెద్దగా పట్టించుకోలేదు. అడిసన్ నిరుత్సాహపడలేదు. మరి ఆరేళ్లు ఓపికగా రోగులను పరిశీలించాడు. తాను వెదుకుతున్న రక్తహీనత ఒక వ్యాధి అనీ, అధివృక్క గ్రంథుల నాశనం వల్ల కలిగేది వేరొక వ్యాధి అనీ క్రమంగా ఆయనకు స్పష్టమైంది. ఒక దాని కోసం వెదుకుతూ మరొక దానిని కనుగొన్నానని ఆయన దాపరికం లేకుండా రాశాడు.

1855లో అడిసన్ అధివృక్క గ్రంథుల వ్యాధిని గురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. అందులో పదకొండుమంది రోగుల వృత్తాంతాలు, చక్కని రంగుల చిత్రాలు ఉన్నాయి. ఆ రోగుల స్థితి హృదయాన్ని కలచివేస్తుంది. మొదట వారికి పని మీద ఉత్సాహం తగ్గుతుంది. కారణం లేకుండా అలసట కలుగుతుంది. ఆకలి మందగిస్తుంది. వాంతులు అవుతాయి. నాడి బలహీనపడుతుంది. బరువు తగ్గుతారు. వీటన్నిటికంటె వింతైన లక్షణం చర్మం రంగు మారడం. ముఖం, మెడ, చేతులు మొదలైన భాగాలు పొగచూరినట్లుగా, కంచు రంగులోకి తిరుగుతాయి. క్రమంగా రోగి క్షీణించి, దీపంలో చమురు ఇంకిపోయినట్లుగా కన్నుమూస్తాడు. శవపరీక్షలో అధివృక్క గ్రంథులు కొందరిలో క్షయవ్యాధి వల్ల, కొందరిలో కేన్సర్ వల్ల చెడిపోయి కనిపించాయి. ఒకరిలో అవి కారణం తెలియకుండా కుంచించుకుపోయాయి. వ్యాధికారకం ఏదైనా ఫలితం ఒకటే. కాబట్టి ఆ గ్రంథులు ప్రాణాధారమైన ఏదో పనిచేస్తున్నాయని ఆయన నిర్ణయించాడు. ఆ పని ఏమిటో, వ్యాధికి మందు ఏమిటో తనకు తెలియవని కూడా ఒప్పుకున్నాడు. తెలిసినంత మేరకే చెప్పి తెలియనిచోట ఆగడం శాస్త్రజ్ఞుని ధర్మం. అడిసన్ ఆ ధర్మాన్ని తప్పలేదు.

కొత్త సత్యాన్ని లోకం వెంటనే స్వీకరించదు. ఎడింబరోకు చెందిన ప్రముఖ వైద్యాచార్యుడు జాన్ హ్యూస్ బెన్నెట్ అటువంటి వ్యాధి లేనే లేదన్నాడు. ఫ్రాన్సు దేశంలో మాత్రం ఆదరణ లభించింది. పారిస్ నగరపు మేటి వైద్యుడు అర్మాండ్ ట్రూసో దీనికి అడిసన్ వ్యాధి అని నామకరణం చేశాడు. 1856లో బ్రౌన్ సెకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల నుండి ఈ గ్రంథులను తొలగించి చూశాడు. అవి కొద్దికాలంలోనే మరణించాయి. పదకొండుమంది రోగుల పరిశీలనతో అడిసన్ చేసిన ఊహకు ప్రయోగశాల అట్లా సాక్ష్యం పలికింది.

అడిసన్ 1847లో, తన 54వ ఏట, ఎలిజబెత్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇతరుల దేహాలలోని బలహీనతకు మూలం కనుగొన్న ఈ మహావైద్యుని మనస్సును చాలాకాలం నుండి తీవ్రమైన విషాదం ఆవరిస్తూ వచ్చింది. దీనినే నేడు కుంగుబాటు వ్యాధి అంటున్నాము. 1860 తొలి నెలల్లో అది ముదిరింది. ఆరోగ్యం సహకరించనందువల్ల బోధన నుండి విరమిస్తున్నానని విద్యార్థులకు లేఖ రాసి ఆయన గైస్ ఆసుపత్రిని వీడాడు. సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణంలో విశ్రాంతి తీసుకుంటూ ఆ ఏడాది జూన్ 29న బలవన్మరణం పాలయ్యాడు. కంబర్లండు ప్రాంతంలోని లానర్‌కాస్ట్ చర్చి ఆవరణలో ఆయనను సమాధి చేశారు. ఆ రోజుల్లో మనోవ్యాధికి సరైన చికిత్స లేదు. నేడు ఉన్నది. మనస్సు కుంగినప్పుడు పెద్దలకు, వైద్యులకు చెప్పుకోవడం సిగ్గుపడవలసిన పని కాదని ఆయన విషాదాంతం మనకు గుర్తుచేస్తుంది.

అడిసన్ తెరిచిన ద్వారం గుండా తరువాతి శాస్త్రజ్ఞులు లోపలికి ప్రవేశించి ఆ గ్రంథి స్వరూపాన్ని పూర్తిగా గ్రహించారు. దాని నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి మన ఓరుగల్లు కోట చక్కగా ఉపకరిస్తుంది. కాకతీయ చక్రవర్తులు గణపతిదేవుడు, రుద్రమదేవి కాలాలలో దృఢపడిన ఖిలా వరంగల్‌కు ఒకదానిలోపల ఒకటిగా మూడు ప్రాకారాలు ఉన్నాయి. వెలుపలివి మట్టికోటలు, లోపలిది రాతికోట. వాటన్నిటి నడుమ కీర్తితోరణాల మధ్య స్వయంభూ దేవాలయ శిథిలాలు కనిపిస్తాయి. అధివృక్క గ్రంథి కూడా అట్లాంటిదే. వెలుపలి భాగాన్ని వల్కలం అంటారు. వల్కలమంటే బెరడు. ఇందులో ప్రాకారాల వలె మూడు పొరలు ఉంటాయి. నడిమి భాగాన్ని దవ్వ అంటారు. కోటలో ఒక్కొక్క ప్రాకారానికి ఒక్కొక్క కాపలా ఉన్నట్లే ఇక్కడ ఒక్కొక్క పొర ఒక్కొక్క రకమైన హార్మోనును తయారుచేస్తుంది. హార్మోను అంటే గ్రంథి నుండి నేరుగా రక్తంలో కలిసి, దూరాన ఉన్న అవయవాలకు ఆజ్ఞలు అందించే రసాయనిక దూత. అందుకే ఈ గ్రంథికి నాళంతో పనిలేదు. మాంటెస్క్యూ కాలపు పండితులను కలవరపెట్టిన చిక్కుముడి ఇట్లా విడిపోయింది.

వెలుపలి పొర నుండి ఆల్డోస్టిరోన్ వెలువడుతుంది. అది దేహంలో ఉప్పును, నీటిని నిలిపి ఉంచుతుంది. పొటాషియంను బయటికి పంపుతుంది. రక్తపోటును కాపాడుతుంది. నడిమి పొర నుండి కార్టిసాల్ వెలువడుతుంది. ఉపవాసంలోను, రోగంలోను, గాయం తగిలినప్పుడు కూడా రక్తంలోని చక్కెర పడిపోకుండా కాపాడేది, వాపును అదుపులో ఉంచేది ఇదే. తెల్లవారుజామున దీని మోతాదు ఎక్కువగా, అర్ధరాత్రి తక్కువగా ఉంటుంది. లోపలి పొర నుండి పురుష లక్షణాలకు సంబంధించిన హార్మోనులు కొద్దిగా వెలువడతాయి. దవ్వ నుండి వెలువడేవి ఎడ్రినలిన్, నార్ ఎడ్రినలిన్. పొలంగట్టు మీద నడిచేవానికి ఎదుట పాము పడగ విప్పిందనుకుందాం. క్షణంలో గుండె వడిగా కొట్టుకుంటుంది. శ్వాస పెరుగుతుంది. కండరాలకు బలం వస్తుంది. ఎదిరించడానికో పారిపోవడానికో దేహాన్ని అట్లా సిద్ధం చేసేది ఎడ్రినలిన్. పిట్ట కొంచెం, కూత ఘనం అనే సామెత ఈ గ్రంథికి చక్కగా వర్తిస్తుంది.

అయితే ఈ గ్రంథి స్వతంత్రించి అన్ని పనులూ చేయదు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఒక ప్రేరక హార్మోనును పంపుతుంది. దాని ఆజ్ఞను అనుసరించి వల్కలం కార్టిసాల్‌ను తయారుచేస్తుంది. కార్టిసాల్ తగినంత చేరగానే పీయూష గ్రంథి తన ఆజ్ఞను తగ్గించుకుంటుంది. రోగుల చర్మం ఎందుకు నల్లబడుతుందనే ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. వల్కలం నాశనమైతే కార్టిసాల్ పుట్టదు. పీయూష గ్రంథి ఎడతెగకుండా ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. అట్లా పెరిగిపోయిన ప్రేరక హార్మోను చర్మంలోని రంగు కణాలను కూడా ప్రేరేపిస్తుంది. తెల్లని చర్మం గలవారిలో ఈ మార్పు సులభంగా కనిపిస్తుంది. సహజంగా చామనచాయ గల మనవారిలో అది త్వరగా తెలియదు. కాబట్టి మన వైద్యులు అరచేతి గీతలను, చిగుళ్లను, నాలుకను, పాత గాయాల మచ్చలను శ్రద్ధగా చూస్తారు. ఉప్పు మీద విపరీతమైన కోరిక, లేచి నిలబడగానే కళ్లు తిరగడం కూడా ఈ వ్యాధి సూచనలే. పాశ్చాత్య దేశాలలో నేడు దేహరక్షణ వ్యవస్థ పొరబడి సొంత గ్రంథి మీదనే దాడి చేయడం దీనికి ముఖ్యకారణం. ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మంది ఉన్న మన దేశంలో, అడిసన్ కాలంలో వలెనే, క్షయ కూడా నేటికీ ముఖ్యకారణంగా ఉన్నది.

కొందరు శిశువులకు ఈ లోపం పుట్టుకతోనే వస్తుంది. కార్టిసాల్ తయారీకి అవసరమైన ఒక ఎంజైము వారిలో ఉండదు. తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపం గల జన్యువు సంక్రమిస్తేనే బిడ్డకు ఈ వ్యాధి కలుగుతుంది. రక్తసంబంధీకుల మధ్య వివాహాలలో ఇటువంటి వ్యాధులకు అవకాశం ఎక్కువ. మేనరికాలు పరిపాటిగా ఉన్న మన ప్రాంతంలో ఈ విషయం గమనింపదగినది. పుట్టిన కొద్దిరోజులలోనే రక్తపరీక్ష చేసి దీనిని గుర్తిస్తే శిశువు ప్రాణాన్ని నిలపవచ్చు.

హార్మోను తక్కువైతే ప్రమాదమైనట్లే ఎక్కువైనా ప్రమాదమే. కార్టిసాల్ మితిమీరితే ముఖం చంద్రబింబం వలె గుండ్రంగా ఉబ్బుతుంది. వీపు పైభాగాన కొవ్వు పేరుకుంటుంది. కాళ్లు, చేతులు సన్నబడతాయి. పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయి. రక్తపోటు, మధుమేహం కలుగుతాయి. ఎముకలు గుల్లబారుతాయి. దీనిని 1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ సమగ్రంగా వివరించినందువల్ల కుషింగ్ వ్యాధి అనే పేరు వచ్చింది. ఆల్డోస్టిరోన్ అధికమైతే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గి కండరాలు బలహీనపడతాయి. 1955లో జెరోమ్ కాన్ దీనిని వర్ణించాడు. దవ్వలో కణితి ఏర్పడితే ఉన్నట్టుండి రక్తపోటు ఎగసిపడుతుంది. తలనొప్పి, చెమట, గుండెదడ కలుగుతాయి.

వ్యాధిని గుర్తించడానికీ మందు కనుగొనడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. 1894లో ఆలివర్, షేఫర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఈ గ్రంథి సారం రక్తపోటును పెంచుతుందని కనుగొన్నారు. 1901లో జపాను దేశీయుడు జోకిచి తకమినే ఎడ్రినలిన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేశాడు. అయినా అడిసన్ వ్యాధిగ్రస్తులకు అది ప్రాణం పోయలేదు. వారికి కావలసినది దవ్వ కాదు, వల్కలం. 1930 ప్రాంతంలో వల్కలం సారాన్ని తయారుచేసి వాడడం మొదలైంది. తరువాత అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లండులో తాదియస్ రైక్‌స్టైన్ వల్కలంలోని హార్మోనులను ఒక్కొక్కటిగా విడదీశారు. 1948లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్‌ను కీళ్లవాతంతో మంచం పట్టిన రోగికి ఇవ్వగా ఆ రోగి కొద్దిరోజులలోనే లేచి నడిచింది. ఈ ముగ్గురికీ 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఒకనాడు మరణశాసనంగా భావించిన అడిసన్ వ్యాధి, రోజూ మాత్రలు వేసుకుంటే సామాన్య జీవితం గడపగల వ్యాధిగా మారింది. 1947లో లండన్ నగరంలో ఈ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయిన ఒక అమెరికా యువకుడు 1961లో ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఆయనే జాన్ కెన్నెడీ.

అడిసన్ మొదట వెదికిన మారక రక్తహీనత కథ కూడా ఇట్లాగే సాగింది. 1926లో కాలేయం ఆహారంగా ఇస్తే ఆ రోగులు కోలుకుంటారని బోస్టన్ వైద్యులు నిరూపించారు. కాలేయంలోని ఆ గుణకారి ఏమిటో తెలుసుకోవడానికి పూనుకున్నవారిలో మన భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది అనేక రకాల రక్తహీనతలకు ఔషధమైంది. మారక రక్తహీనతకు అసలైన మందు బి12 విటమిన్ అని 1948లో తేలింది. లండన్‌లో ఒక వైద్యుడు లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం వెదకడంలో ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు కూడా పాలుపంచుకోవడం మనకు గర్వకారణం.

ఈ హార్మోనుల నుండి పుట్టిన స్టిరాయిడ్ మందులు నేడు పల్లెపల్లెకూ చేరాయి. ఉబ్బసం, కీళ్లవాతం వంటి అనేక వ్యాధులలో అవి అమృతతుల్యాలు. 2020లో కోవిడ్ మహమ్మారి విజృంభించినప్పుడు, ప్రాణవాయువు అవసరమైన రోగుల మరణాలను డెక్సామెథసోన్ అనే చవకైన స్టిరాయిడ్ తగ్గించిందని బ్రిటన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. ఆ మందునే విచక్షణ లేకుండా వాడడం వల్ల 2021లో మన దేశంలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, నల్ల ఫంగస్ వ్యాధి ప్రబలడానికి దోహదం కలిగింది. మోకాళ్ల నొప్పి తగ్గుతుందని, ఆయాసం పోతుందని శిక్షణ లేనివారు ఇచ్చే మాత్రలను నెలల తరబడి మింగేవారు మన గ్రామాలలో ఉన్నారు. మొదట ఒంట్లో ఎంతో తేలికగా ఉంటుంది. క్రమంగా ముఖం ఉబ్బుతుంది, ఎముకలు పెళుసుబారుతాయి. బయటినుండి మందు అందుతున్నందువల్ల సొంత గ్రంథి పని మాని నిద్రపోతుంది. అటువంటి స్థితిలో మాత్రను హఠాత్తుగా మానితే అడిసన్ వర్ణించిన లక్షణాలే ఒక్కసారిగా విరుచుకుపడి ప్రాణాపాయం కలుగుతుంది. కనుక స్టిరాయిడ్‌ను మొదలుపెట్టడానికీ మానడానికీ అర్హుడైన వైద్యుని సలహా తప్పనిసరి.

అడిసన్ ఒక్క రోగిని కూడా ఈ వ్యాధి నుండి బతికించలేకపోయాడు. ఆయన చేతిలో ఉన్నవి చూసే కన్ను, ప్రశ్నించే బుద్ధి, నిజాన్ని నిజంగా చెప్పే ధైర్యం మాత్రమే. పేద రోగుల చర్మం మీది నల్లని ఛాయను అలక్ష్యం చేయకుండా చూసినందువల్లనే ఆయన తరువాత ఎన్నో దేశాలలో ఎందరో బతికి బట్టకట్టారు. తన జీవితకాలంలో ఫలితం చూడలేకపోయినా, తరువాతి తరాల వారు నడవడానికి దారి వేసిన ఆ వైద్యుని కృషి విద్యార్థులందరికీ ఆదర్శప్రాయం.

ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. థామస్ అడిసన్ అధివృక్క గ్రంథుల వ్యాధిని కనుగొన్న విధానాన్ని వివరించండి.

2. అధివృక్క హార్మోనులు ఎక్కువైనా, తక్కువైనా కలిగే రుగ్మతలను పాఠం ఆధారంగా తెలపండి.

II. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. అధివృక్క గ్రంథి నిర్మాణాన్ని ఓరుగల్లు కోటతో ఎట్లా పోల్చారు?

2. అడిసన్ స్వభావాన్ని వర్ణించండి.

3. స్టిరాయిడ్ మందుల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

III. ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. అడిసన్ వ్యాధికి ఆ పేరు పెట్టినవారు ఎవరు?

2. ప్రమాద సమయంలో దేహాన్ని సిద్ధం చేసే హార్మోను ఏది?

3. 1945లో ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైన ఔషధం ఏది?